చెయ్యి చల్లబడిన చోట

పెద్ద ఉపవాసాలకు ముందు వచ్చే క్షమాపణల ఆదివారం. వెలింగ్రాడ్ వేడినీటి స్నానశాలలో మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. చిన్నతనంలోనే చూపు పోయిన వెలికా అక్కడ ఏళ్ళ తరబడి మర్దన పని చేస్తోంది. ఆమె తమ్ముడు స్తామెన్ దాదాపు ఏడాది తర్వాత ఆ గది గుమ్మం తొక్కాడు. తొక్కాడే గాని, వచ్చిన పని చెప్పడానికి నోరు పెగలక, మెడ పట్టేసిందని అబద్ధమాడి బల్ల మీద బోర్లా పడుకున్నాడు పిరికిపంద.

"ఇక్కడేనా?"

"ఆఁ... ఇంకాస్త కిందికి."

"కింద ఏమీ లేదురా. వెన్నలా ఉంది."

"అయితే పైన చూడు."

"పైనా లేదు. నీకు పట్టేసింది మెడ కాదు స్తామెన్, నోరు."

"అబ్బా! మెల్లిగా అక్కా. అది మెడ, రొట్టెల పిండి కాదు."

"టిక్కెట్టు కొనుక్కుని పడుకున్నవాళ్ళే అరవరు. ఊరికే పడుకున్నవాడివి, నీకెందుకురా అంత సుకుమారం?"

"చేతులు వెచ్చగా ఉన్నాయే నీవి."

"పొద్దుట్నుంచీ వేడినీళ్ళలోనే నానుతున్నాయి. ఏం, మంచుగడ్డల్లా ఉంటాయనుకున్నావా?"

"నేనేమన్నానే ఇప్పుడు?"

"ఏమీ అనలేదు. నువ్వెప్పుడూ ఏమీ అనవు. అదేగా నీ గొప్ప."

"అక్కా..."

"తల తిప్పకు. ఆ సంచీలో ఏముంది? గదంతా వాసన కొడుతోంది."

"హల్వా. అక్రోట్లు వేసిన తెల్ల హల్వా. ఇంకా జున్ను పొరల రొట్టె. నెదా చేసింది."

"నీ పెళ్ళాం చేసిందా? నాకా?"

"ఇంట్లో అందరికీ చేసిందిలే... నీక్కూడా."

"ఇదిగో, భుజం బిగుసుకుంది. అబద్ధమా?"

"కాదు, నిజమే. నీకోసమే చేసింది. తెల్లారకుండా లేచి చేసింది."

"నిజం చెప్పడానికి కూడా భుజం బిగించేవాణ్ణి నిన్నే చూశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట ఎవడో. నీ తరఫున నేను తడుముతున్నాను."

"నవ్వు, నవ్వు."

"ఒక్కడివే వచ్చావా?"

"ఒక్కణ్ణే."

"ఊఁ."

"ఊఁ ఏంటి?"

"ఏం లేదు. ఊఁ, అంతే."

"అక్కా, ఇవాళ ఆదివారం."

"తెలుసు. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళు వచ్చినట్టు నా చేతిని ముద్దుపెట్టుకుని పోతున్నారు. దుప్పట్లు ఉతికే పిల్ల వచ్చి, 'వెలికమ్మా, నీ సబ్బు కొట్టేశాను, క్షమించు' అంది."

"క్షమించావా?"

"ఈ రోజు అడిగితే కాదనకూడదుగా. క్షమించాను, దేవుడూ క్షమించుగాక, ఇంతకీ సబ్బెక్కడ పెట్టావే అన్నాను."

"నేనూ అందుకే వచ్చా."

"నువ్వేం కొట్టేశావు?"

"వేళాకోళం ఆడకక్కా. చచ్చి చెడి వచ్చాను."

"సరే. క్షమించాను, దేవుడూ క్షమించుగాక. లే, చొక్కా తొడుక్కో, ఇంటికెళ్ళు."

"నేనింకా అడగనే లేదు!"

"అడగబోయావుగా. నోరు తెరవడం నీకెంత కష్టమో నాకు తెలియదా? ఆ శ్రమ కూడా ఎందుకని ముందే ఇచ్చేశాను."

"ఇదేం క్షమించడం? బస్సులో టిక్కెట్టు చింపి ఇచ్చినట్టు!"

"మరెలా ఇవ్వాలి? బాజాలు పెట్టించనా?"

"తిట్టు. నాలుగు తిట్టి, ఆపైన క్షమించు. చెంప పగలగొడతావనుకుంటూ వచ్చాను, కొండ దారంతా ఎడమ చెంపా కుడి చెంపా అని లెక్కేసుకుంటూ వచ్చాను."

"తిట్టే ఓపిక లేదురా నాకు. నిన్ను తిట్టే..."

"నిన్ను తిట్టే?"

"ఓపిక లేదన్నాగా. పడుకో. వచ్చావు కాబట్టి వీపు చూస్తాను. ఏడాది నుంచి ఎవరూ చూసినట్టు లేదు, ముడులు ముడులుగా ఉంది."

"ఆ రోజు నాకు తెలుసక్కా."

"ఏ రోజు?"

"నీకు తెలియదూ ఏ రోజో! మా పిల్లాడు బోయాన్‌కి నలభై రోజులూ వెళ్ళాక నువ్వు చూడ్డానికి వచ్చావు కదా, ఆ రోజు. పిల్లాడి మొహం తడిమి చూశావు. నీ చెయ్యి చల్లబడింది, వాడు కెవ్వుమన్నాడు, రాత్రికి ఒళ్ళు కాలిపోయింది."

"జ్వరం నా వల్ల వచ్చిందా?"

"కాదు! కాదు, అదే చెప్తున్నా. నీ చెయ్యి ఎందుకు చల్లబడిందో ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను పనిచేసే ల్యాబుకి ప్రయోగం కోసం నిన్ను తీసుకెళ్ళింది నేను. రక్తం కొలిచే ఆ గాజు గొట్టం నీ వేలికి తొడిగింది నేను."

"ఆ ప్రొఫెసరు నోరు తెరిస్తే వెల్లుల్లి వాసన. అది గుర్తుంది నాకు."

"గుడ్డ కింద వస్తువులు పెట్టేవాళ్ళం. అక్రోటు, తాళంచెవి, బొత్తాం. నువ్వు ఊరికే పట్టుకున్నంతసేపూ సూది కదిలేది కాదు. ఇదేమిటా అని మనసు పెట్టి తడిమావో, సూది జర్రున కిందికి దిగేది. వేళ్ళలో నాళాలు బిగుసుకుని రక్తం తగ్గిపోయేది. గొట్టం తీశాక పట్టుకుంటే నీ వేలు చల్లగా ఉండేది. వస్తువు పేరు చెప్పేశావంటే మళ్ళీ మెల్లిగా వెచ్చబడేది."

"ల్యాబు నుంచి వచ్చేటప్పుడు దారంతా నాకు పాఠం చెప్పావు. 'అక్కా, నీ చెయ్యి వెచ్చగా ఉంటే నువ్వు పరధ్యానంలో ఉన్నట్టు, చల్లబడిందంటే చూస్తున్నట్టు' అని."

"అదే మాట నెదాకి చెప్పి ఉండాల్సింది. ఒక్క ముక్క. 'ఒసే, మా అక్క వాణ్ణి కళ్ళారా చూస్తోందే' అని. చెప్పలేదు. మా అత్త, 'గొడ్రాలి చెయ్యి, ఏడుపుగొట్టు చెయ్యి, శవం చెయ్యిలా ఉంది, పిల్లాడికి దిష్టి కొట్టింది' అంటుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను."

"నిలబడ్డావు. విన్నాను. నువ్వు నిలబడ్డ చోట నేల కూడా కిర్రుమనలేదు."

"నువ్వెళ్ళాక ఇంకా ఉంది."

"ఏముంది?"

"వద్దులే."

"సగం చెప్పి ఆపితే ఈ ముడి ఇలా నొక్కుతా."

"అబ్బబ్బా! చెప్తా, చెప్తా. మా అత్త గిన్నెలో నీళ్ళు పెట్టి నిప్పులు వేసింది. ఒక్కో నిప్పుకి ఒక్కో పేరు. ఎవరి నిప్పు ముందు మునిగితే వాళ్ళదే దిష్టి."

"నాది మునిగిందా?"

"ముందు నీదే మునిగింది."

"ఎంత న్యాయమైన నిప్పో!"

"అది పెద్ద కణిక అక్కా. బరువైంది. నీ పేరుకి పెద్దది ఏరమని అత్త అంది."

"ఎవర్ని ఏరమంది?"

"వదిలెయ్యవే."

"ఎవర్నిరా?"

"పటకారు నా చేతిలోనే ఉంది."

"ఏరావా?"

"ఏరాను. ఏడాదిగా ఆ పటకారు చూస్తే పొయ్యి దగ్గరికి వెళ్ళబుద్ధి కావడం లేదు. ఇప్పుడైనా తిట్టవే!"

"నవ్వొస్తోందిరా."

"నవ్వా?"

"ఏం చెయ్యమంటావు? సొంత తమ్ముడు పటకారుతో ఏరి ఏరి నన్ను ముంచాడు. బానే ఉంది. క్షమించాను."

"నువ్వింత తేలిగ్గా వదిలేదానివి కాదు. చిన్నప్పుడు నీ రేగుపళ్ళు తిన్నానని నెల రోజులు మాట్లాడలేదు నాతో."

"అప్పుడు నేను మంచిదాన్ని."

"అంటే?"

"అంటే ఏమీ లేదు. ఆ ఏడుపెవరిది?"

"ఏ ఏడుపు?"

"కిటికీ కింద. కారులోంచి వస్తోంది."

"ఎవరో స్నానానికి వచ్చినవాళ్ళ పిల్లలేమో."

"భుజం, స్తామెన్."

"సరే, సరే. మా వాడే. బోయాన్. నెదా కూడా ఉంది. పక్కింటాయన మోస్క్విచ్ కారు అడిగి తెచ్చాను. లోపలికి రావడానికి దానికి మొహం చెల్లలేదు. ముందు నువ్వెళ్ళి చెప్పు, ఆవిడ రమ్మంటే వస్తానంది."

"చలిలో పిల్లాణ్ణి కూర్చోబెట్టి నువ్వొచ్చి వీపు రుద్దించుకుంటున్నావా?"

"హీటరుంది కారులో."

"అయితే ఎందుకేడుస్తున్నాడు? అది ఆకలి ఏడుపు కాదు."

"ఎండ. ఎండ పడితే ఏడుస్తాడు."

"..."

"అక్కా?"

"ఊఁ."

"చెయ్యి ఆపేశావు."

"అలిసిపోయాను. నువ్వు చెప్పు. ఎండ పడితే?"

"కళ్ళు తెరవడు. నీళ్ళు కారతాయి. నెదా శాలువాలో మొహం దాచేసుకుంటాడు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ ఉన్నట్టే ఉంది. మేం దిష్టి అనుకున్నాం. చూసినవాళ్ళంతా 'అబ్బ, ఎంతెంత కళ్ళు, ఎవరి పోలికే తల్లీ' అనేవాళ్ళు. నెదా ఉమ్మేసేది, ఎర్రదారం కట్టేది, వెల్లుల్లి పాయ దిండు కింద పెట్టేది. కళ్ళు పెద్దవయ్యేకొద్దీ దారాలు పెరిగాయి. చేతికొకటి, కాలికొకటి, ఉయ్యాలకొకటి."

"ఊఁ."

"అక్కా, నీ చెయ్యి."

"ఏం?"

"చల్లబడింది. వీపు మీద పలుగురాయి పెట్టినట్టుంది."

"తలుపు సందులోంచి గాలి కొడుతోంది."

"తలుపు మూసే ఉంది."

"మాట మార్చకు. డాక్టరుకి చూపించారా?"

"పోయిన వారం. ప్లోవ్‌దివ్‌లో. పట్నం ఆసుపత్రికి నేనే లాక్కెళ్ళాను. కుడి పక్క నుంచి చెంచా తెస్తే నోరు తెరవడం లేదు, చెంచాకి వాడు కనపడక కాదు, వాడికి చెంచా కనపడక. నేనేం మాట్లాడుతున్నానో చూడు."

"చెప్పు. మెల్లిగా చెప్పు."

"డాక్టరమ్మ దీపం కూడా వెయ్యలేదు ముందు. వాడు నిద్రపోతుంటే రెప్పల మీద రెండు వేళ్ళు పెట్టి మెల్లిగా నొక్కి చూసింది. ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను. నెదా వేళ్ళు పట్టుకుని, 'ముందు నీ కన్ను నొక్కి చూసుకోమ్మా, ఇప్పుడు వీడిది చూడు' అంది."

"నువ్వూ చూశావా?"

"చూశాను. పచ్చి రేగుకాయలా ఉంది. లోపలి నీరు బయటికి పోదట. ఒత్తిడి పెరిగి పెరిగి కన్ను ఉబ్బుతుందట. అది అందం కాదక్కా. అదే జబ్బు. ఏడాది పాటు జబ్బుకి ఎర్రదారాలు కట్టి ముద్దులు పెట్టుకున్నాం."

"ఆపరేషన్ చేస్తారా?"

"బుధవారం. ఒక కంటికే. రెండోదానికి ఇంక లాభం లేదంది."

"కుడి కన్ను."

"ఆఁ. లోపలి నరం చచ్చిపోయిందట. రెండు మూడు నెలల పిల్లాడప్పుడే తెచ్చి ఉంటే రెండూ దక్కేవి అంది. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఊరికే అలా అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది."

"నెదా ఏమంది?"

"ఏమంటుంది! ఏమీ అనలేదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని డాక్టరమ్మ అడిగితే నీ పేరు చెప్పింది. నేననుకున్నా, అక్కకి చిన్నప్పుడు జ్వరం వచ్చి కళ్ళు పోయాయని అమ్మ చెప్పేదే అని."

"అమ్మ అలాగే చెప్పేది. నా కళ్ళూ పెద్దవేనట. ఊళ్ళో ఎద్దుకళ్ళ పిల్ల అనేవాళ్ళు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు. మనదీ నెదా వాళ్ళదీ ఒకే కొండ ఊరు. నెదా వాళ్ళ పెద్దమ్మ కూడా గోడ పట్టుకునే నడిచేది. అది కూడా జ్వరమే అన్నారు."

"అక్కా, ఇప్పుడు అసలు సంగతి చెప్తా. కాదనకు."

"ఇంకా అసలు సంగతి వేరే ఉందా?"

"ఆపరేషన్ అయ్యాక వాడికి కట్టు కడతారు. రెండు కళ్ళకీ. చేతులు కదలకుండా చూడాలట. తల కదపకూడదట. పిల్లాడికి ఏం చెప్పి ఊరుకోబెడతాం? బొమ్మ చూపించలేం, మొహం చూపించలేం. నెదా గొంతు వింటే ఇంకా ఏడుస్తాడు, ఎత్తుకోమని. చీకట్లో పిల్లాడితో ఎలా ఉండాలో మాకు తెలియదక్కా. మాకు చీకటి తెలియదు. నీకు తెలుసు. నువ్వు రా. ఆ కట్టు విప్పేదాకా వాడి దగ్గరుండు."

"రాను."

"ఏంటి?"

"రాను. ఇంకెవర్నైనా చూసుకోండి."

"క్షమించానన్నావు కదా!"

"క్షమించాను. రాను."

"అయితే అది క్షమించడమేనా? నోటితో అనేసి కడుపులో పెట్టుకుంటే? నన్ను కాల్చు, నెదాని కాల్చు, ఆ ముసల్దాన్ని ఆ నిప్పుల గిన్నెలోనే ముంచు. వాడేం చేశాడు?"

"వాడేమీ చెయ్యలేదు."

"మరి?"

"మరేమీ లేదు. సెలవివ్వరు ఇక్కడ."

"నీకివ్వకపోతే ఇంకెవరికిస్తారు? నువ్వు చేసినన్నేళ్ళు ఇక్కడ ఈ పైపులు కూడా లేవు."

"చేతులు నొప్పిగా ఉన్నాయి."

"చేతులా? ఇందాకట్నుంచీ నా ఎముకలు విరగ్గొడుతున్నావు."

"రాను అన్నానుగా! ఎన్నిసార్లు చెప్పాలిరా? నేను వాణ్ణి ముట్టుకోలేను. ముట్టుకోను. నన్ను వదిలెయ్."

"అక్కా... ఒక్క నిమిషం."

"పడుకో. లేవకు."

"కాదు, లేస్తా. ఒక్క నిమిషం ఆగు. ఇందాక నువ్వు కుడి కన్ను అన్నావు."

"నువ్వన్నావు."

"నేను ఒక కన్ను అన్నాను. 'రెండోదానికి లాభం లేదంది' అన్నాను. 'కుడి కన్ను' అన్నది నువ్వు."

"చెంచా కుడి పక్క నుంచి తెచ్చామన్నావు కదా."

"అన్నాను. దానికి నువ్వు అడగాలి, కుడి కన్నా అని. నువ్వు అడగలేదు. చెప్పావు. నీ చెయ్యి ఇటివ్వు."

"ఎందుకు?"

"ఇవ్వవే! ఐసుముక్కలా ఉంది. ఎండ అన్న దగ్గర్నుంచి ఇలాగే ఉంది. అక్కా, ఆ రోజు నీ చెయ్యి ఎక్కడ చల్లబడింది?"

"చెయ్యి వదులు."

"నుదుటి మీదా? బుగ్గ మీదా? ఎక్కడే?"

"రెప్ప మీద."

"ఓరి దేవుడా."

"నుదురు చూశాను, కనుబొమలు చూశాను, అమ్మ కనుబొమలే. నవ్వుకున్నాను కూడా. ఎడమ రెప్ప మీద వేలు పెట్టాను. ఏదో తేడాగా అనిపించింది. కుడి రెప్ప మీద పెట్టాను, ఇక చెయ్యి అక్కణ్ణుంచి రాలేదు. చిన్నప్పుడు నొప్పికి ఏడుస్తూ నా కళ్ళు నేనే నొక్కుకునేదాన్ని స్తామెన్. ఆ గట్టితనం నా వేళ్ళు మర్చిపోతాయా?"

"నీకు తెలుసు."

"తెలుసు."

"ఆ రోజే తెలుసు."

"చెప్పబోయాను. ఒట్టు, నోరు తెరిచాను. 'వీడి కన్ను' అన్నాను, అంతే. నెదా నా చేతిలోంచి వాణ్ణి లాగేసుకుంది. దిష్టి, దిష్టి అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. మీ అత్త నా కర్ర నా చేతిలో పెట్టింది. నువ్వేమైనా అంటావేమోనని గుమ్మంలో ఆగాను. కాస్సేపు ఆగాను. నువ్వనలేదు."

"నేను అని ఉంటే..."

"చెప్పేదాన్ని."

"తర్వాత? తర్వాతైనా చెప్పొచ్చుగా! ఈ ఆఫీసులో ఫోనుంది, మా ల్యాబులో ఫోనుంది. ఎవరిచేతైనా కబురు పెట్టొచ్చుగా!"

"మొదట్లో కోపం. ఆ చెయ్యి ఏడుపుగొట్టుదైతే ఆ చెయ్యి చెప్పింది మీకెందుకు, అనుకున్నాను. వాళ్ళే వస్తారు, కాళ్ళావేళ్ళా పడతారు, అప్పుడు చెప్దాం, అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు అనుకున్నాను. నాకు కనపడవుగా మొహాలు, అయినా అలాగే అనుకున్నాను. మీరు రాలేదు. ఈస్టరు వెళ్ళింది, గులాబీల కాలం వెళ్ళింది. ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారని భయం పట్టుకుంది. ఫోను దాకా వెళ్ళేదాన్ని. ఎత్తేదాన్ని కూడా. మళ్ళీ పెట్టేసేదాన్ని."

"అది కన్నక్కా! సబ్బు కాదు!"

"తెలుసు."

"ఏం తెలుసు నీకు? చెప్పు, ఏం తెలుసు?"

"కన్నంటే ఏంటో నాకు తెలియదనా నువ్వనేది?"

"కాదు! అది కాదు!"

"అరిచెయ్. ఇంకా అరిచెయ్. ఇందాక తిట్టమన్నావుగా నన్ను. ఎలా తిట్టనురా? నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిది? నువ్వు ఇలా గుమ్మంలోకి రాగానే అనుకున్నాను, పిల్లాడి సంగతి చెప్పడానికే వచ్చాడని. గబగబా క్షమించి పంపించేద్దామనుకున్నాను. నువ్వు వెళ్ళలేదు."

"ఏడవకు."

"నేనేడవడం లేదు."

"నేనేడుస్తున్నాను. ఆ తువ్వాలు ఇటివ్వు."

"ఇంద. తడిగా ఉంది, ఇంకోటి తీసుకో."

"ఇదే చాలు... అక్కా, విను. విను నా మాట. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ."

"ఏమిటి ఉండనిచ్చేది?"

"నెదాకి చెప్పకు. అది ఏడాది నుంచి నీ పేరెత్తితే తల దించుకుంటోంది. ఇప్పుడిది విన్నదో, నిన్ను ఆసుపత్రి మెట్లు కూడా ఎక్కనివ్వదు. ఆ కుడి కన్ను ఎలాగూ పోయింది. ఎడమది మిగలాలంటే నువ్వు కావాలి. నువ్వు రా, వాడి దగ్గర కూర్చో, కట్టు విప్పనీ. ఆ తర్వాత ఎప్పుడో తీరిగ్గా చెప్దాం."

"తీరిగ్గా."

"ఆఁ. ఇప్పుడు కాదు."

"మళ్ళీ నోరు మూసుకోమంటావు."

"వాడి కోసం."

"పోయినసారి ఎవరి కోసం మూసుకున్నావు? ఇంట్లో గొడవెందుకని. నేను ఎవరి కోసం మూసుకున్నాను? నా పంతం కోసం. ఇప్పుడు వాడి కోసమట. ప్రతిసారీ ఎవరో ఒకరు దొరుకుతారురా మనకి."

"అక్కా, దణ్ణం పెడతా. చేతులు కాలాక ఇప్పుడు—"

"ష్. మెట్ల మీద అడుగులు. పిల్లాడి ఏడుపు దగ్గరికొచ్చింది."

"నెదా! నువ్వెందుకొచ్చావు? నేను పిలుస్తానన్నాగా!"

"వీడు ఊరుకోవడం లేదు. కారద్దంలోంచి ఎండ సూటిగా కొడుతోంది... వదినా."

"రా అమ్మాయ్. గుమ్మం దగ్గర తడి ఉంది, జారతావు."

"వదినా, నీ చెయ్యి ఇలా ఇవ్వు."

"వద్దు."

"ఇవాళ వద్దనకూడదు. నన్ను క్షమించు వదినా. నీది దిష్టి చెయ్యి అన్నాను. నిన్ను గుమ్మంలోంచి గెంటేశాను. పిల్లలు లేనిదానివని అన్నాను, దానికి నా నాలుక కోసెయ్యాలి. ఇలా ఇవ్వు, ముద్దుపెట్టుకోనీ."

"లే నెదా. మోకాళ్ళ మీంచి లే, నేల చల్లగా ఉంది. ఆ చేతికి ముద్దు పెట్టకు. స్తామెన్, పిల్లాణ్ణి అందుకో. నెదా, ముందు నా మాట విను, విన్నాక ఉంటే ఉండు, పోతే పో."

"అక్కా, నోరు ముయ్యి! నెదా, ఆవిడకి ఒంట్లో బాగాలేదు, నువ్వు పద, కారులో—"

"నువ్వు మూసుకున్నది చాలు, నేను మూసుకున్నది చాలు. నెదా, ఆ రోజు నేను వీడి మొహం చూస్తున్నప్పుడు నా చెయ్యి—"

"వద్దు వదినా. చెప్పకు."

"చెప్పాలమ్మా. నా చెయ్యి వీడి కుడి—"

"చెప్పకంటున్నానా! 'వీడి కన్ను' అన్నావు ఆ రోజు. నేను విన్నాను. ఆ కంట్లో తెల్లటి పొర అంతకు ముందే చూశాను, ఎవరికీ చెప్పలేదు. నువ్వు మిగతాది కూడా చెప్పేస్తావని భయమేసి, నీకు వినపడకుండా, ఎవరికీ వినపడకుండా, దిష్టి దిష్టి అని అరిచాను."